ఎక్కడ ఆపితే అక్కడే

మొన్న జూలైలో ఒక సాయంత్రం, సరిగ్గా చినుకులు మొదలయ్యే వేళకి, మా కారు డ్రైవరు పక్క అద్దం డోరు పొట్టలోకి జారిపోయింది. హ్యాండిల్ తిప్పితే గిరగిరా తిరుగుతోంది తప్ప చేతికి బరువే తెలియడం లేదు. లోపల ఏదో కరకరమంటోంది. కారు పేరు చెప్పను. ఇరవై ఏళ్లు ఎండా వానా గోదావరి గట్టు దుమ్మూ తిన్నాక ఏ బండైనా అంతే. ఆ రాత్రికి పాలిథీన్ కవరు, టేపుతో సరిపెట్టాం.

ఎదురింటి బాబాయి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి హ్యాండిల్ రెండు చుట్లు తిప్పి, చెవి ఆనించి విన్నారు. "గ్లాస్ మిషన్ పోయిందిరా. తాడు తెగింది. నువ్వే మార్చుకో, తొందరపడకపోతే పెద్ద పనేం కాదు" అన్నారు.

ఇరవై ఏళ్లుగా రోజూ తిప్పుతున్నాను గానీ, అది ఒక మిషన్ అని నాకు ఎప్పుడూ తట్టలేదు. హ్యాండిల్ తిప్పితే అద్దం పైకి రావడంలో వింతేముంది? మా ఊరి నూతి గిలకా అదే పని చేసేది. అయితే చేద సగందాకా తోడి తాడు వదిలేస్తే దబ్బున నీళ్లలో పడుతుంది. కారు అద్దం సగంలో వదిలేసినా, గతుకుల రోడ్డు మీద పోతున్నా, కదలదు. చేత్తో బలంగా కిందికి నొక్కినా దిగదు. అదే హ్యాండిల్‌తో అయితే చిన్నపిల్ల కూడా దించుతుంది. నన్ను ఆ వారమంతా పట్టి కూర్చున్న ప్రశ్న ఇదే.

ముందు హ్యాండిల్ ఊడదీయాలి. పైకి స్క్రూ కనిపించదు. హ్యాండిల్‌కీ డోరు ప్యాడ్‌కీ మధ్య, లోపలెక్కడో గుర్రపు నాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు పట్టి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ప్యాడ్ చిరుగుతుంది. బాబాయి ఒక పాత పంచె పీలిక తెచ్చి, హ్యాండిల్ వెనకగా దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూట్లు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగారు. నాలుగో లాగుడుకి క్లిప్పు టింగుమని ఎగిరి తులసికోట వెనక పడింది. దాన్ని వెతకడానికి పట్టిన సమయంలో సగం పని అయిపోయేది.

హ్యాండిల్ ఊడాక కనిపించే ఇరుసుకి చుట్టూ సన్నటి పళ్లు ఉంటాయి. అందుకే హ్యాండిల్‌ని ఏ కోణంలోనైనా తొడగవచ్చు. చిన్నప్పుడు ఒక పెళ్లికి వెళ్లిన అంబాసిడర్ టాక్సీలో నాలుగు డోర్లకీ కలిపి ఒకటే హ్యాండిల్ ఉండేది. ఉక్కపోస్తోందని ఎవరైనా అంటే డ్రైవరు దాన్ని డ్యాష్‌బోర్డు అరలోంచి తీసి వెనక్కి అందించేవాడు. ఎక్కినవాళ్లు విరగ్గొడతారని తీసి దాచేవాడట. ఆ పళ్లవల్లే ఆ యజమానికి అంత పొదుపు సాధ్యమైంది.

అద్దం డోరులోకి దిగే పద్ధతి కారు కంటే పాతది. గుర్రపు బగ్గీల్లో, తర్వాత బ్రిటన్ రైలు పెట్టెల్లో, తలుపు అద్దానికి తోలు పటకా కట్టేవారు. పటకా పొడవునా బెల్టుకున్నట్టు చిల్లులు, తలుపుకి ఒక ఇత్తడి గుబ్బ. పటకా లాగితే అద్దం లేస్తుంది, చిల్లుని గుబ్బకి తగిలిస్తే అక్కడ ఆగుతుంది. తొలినాళ్ల మూసిన కార్లు ఈ పటకానే అరువు తెచ్చుకున్నాయి. మన పాత రైలు పెట్టెల్లో పటకా కూడా ఉండేది కాదు. రెండు పక్కలా గొళ్లేలు నొక్కి షట్టర్ పైకెత్తడం, అది సరిగా పట్టుకోక దడాలున వేళ్ల మీద పడడం ఈ దేశంలో రైలెక్కిన ప్రతివాడికీ తెలుసు. ఎత్తడం సమస్య కాదు, నిలబెట్టడమే సమస్య అని ఆ వేళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కారు మొదట్లో కప్పులేని బండి. వానొస్తే గుడ్డ టాపు లాగి, పక్కన తెరలు బిగించుకునేవారు. జనరల్ మోటార్స్‌ని నడిపించిన ఆల్ఫ్రెడ్ స్లోన్ తన జ్ఞాపకాల పుస్తకంలో లెక్క రాశాడు: 1919లో అమెరికా కార్లలో మూసిన బాడీ ఉన్నవి సుమారు 10 శాతం, 1927 నాటికి 85 శాతం. ఎనిమిదేళ్లలో కారు నాలుగు గోడల గది అయింది. గదికి కిటికీ కావాలి. ప్రతి బండికీ నాలుగేసి అద్దాలు, వాటిని ఎత్తి దించడానికి నాలుగేసి మిషన్లు. డెట్రాయిట్‌లో టెర్న్‌స్టెడ్ అనే కంపెనీ ఈ కిటికీ మిషన్లు చేస్తుండేది. కార్ల బాడీలు కట్టే ఫిషర్ కంపెనీ 1920లో దాన్ని కొనేసింది.

ఆ కాలపు మిషన్ కత్తెరలాంటిది. హ్యాండిల్ ఒక చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. అది విసనకర్ర ఆకారపు పెద్ద పళ్లపలకని నెడుతుంది. పలకకి అతికిన చేతులు కత్తెరలా విచ్చుకుంటూ అద్దాన్ని ఎత్తుతాయి. బరువుకి సాయంగా గడియారం స్ప్రింగులాంటి చుట్ట ఒకటి ఉంటుంది. అద్దం దిగేటప్పుడు అది బిగుసుకుంటుంది, ఎక్కేటప్పుడు తిరిగి ఇస్తుంది. ఈ రకం మిషన్ మీ కారులో ఉంటే ఒక జాగ్రత్త: బిగిసి ఉన్న స్ప్రింగుతో దాన్ని ఊడదీస్తే ఆ చేతులు ఒక్కసారిగా విసురుకుని వేళ్లని నలిపేస్తాయి.

మా కారులో ఉన్నది రెండో రకం, కేబుల్‌ది. ఇది అచ్చంగా నూతి గిలకే. హ్యాండిల్ వెనక చిన్న డ్రమ్ము, దానికి చుట్టిన ఉక్కు కేబుల్, పైనా కిందా గిలకలు, నిలువు పట్టాల మీద జారే నైలాన్ ముక్క. ఆ ముక్కకే అద్దం బిగించి ఉంటుంది. టేపు పెట్టి కొలిచాను. హ్యాండిల్ పొడవు 10 సెంటీమీటర్లు, అద్దం పూర్తిగా ఎక్కడానికి ఐదు చుట్లు. అంటే చేయి మూడు మీటర్ల పైచిలుకు తిరిగితే అద్దం లేచేది 40 సెంటీమీటర్లు. దూరం ఎనిమిదింతలు, కాబట్టి బలం ఎనిమిదో వంతు. మూడు కిలోల అద్దం చేతికి 400 గ్రాములుగా కూడా తెలియకూడదు. నాకు మాత్రం గత రెండేళ్లుగా బరువుగానే ఉంటోంది. ఎందుకో తర్వాత తెలిసింది.

డోరు ప్యాడ్ అంచున ప్లాస్టిక్ బొడిపెలతో పట్టి ఉంటుంది. వాటిని లేపడానికి మెత్తటి చదునైన పనిముట్టు కావాలి. వంటింట్లోంచి దోసెల అట్లకాడ తెచ్చి గుడ్డ చుట్టాను. మా ఆవిడకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ప్యాడ్ వెనక, ఇనుముకి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కాగితం కనిపించింది. దాన్ని చింపబోతుంటే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపారు.

"అది చింపితే వచ్చే వానకి నీ కాళ్లకింద చెరువే."

కారు డోరు లోపల పొడిగా ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. అద్దాన్ని ఒరుసుకుంటూ ఉండే రబ్బరు దాటి వాన నీళ్లు లోపలికి దిగుతూనే ఉంటాయి. డోరు అడుగున చిల్లులు ఉండేది అవి పోవడానికే. ఆ కాగితం నీళ్లని కారు లోపలికి రాకుండా చిల్లులవైపు మళ్లిస్తుంది. అంచు నెమ్మదిగా ఊడదీసి, పక్కకి మడిచి, మళ్లీ అదే జిగురు మీద అతికించాలి.

టార్చి వేసి చూస్తే లోపల పిచ్చుక గూడు. కేబుల్ పోగులు పోగులుగా విడిపోయి డ్రమ్ము చుట్టూ చిక్కుపడింది, నైలాన్ ముక్క రెండుగా విరిగింది. అద్దాన్ని రెండు చేతులతో పైకి తెచ్చి, ఫ్రేము మీదుగా వెడల్పాటి టేపు వేసి వేలాడదీశాం. పక్కల అద్దం మంటలో కాచి చల్లార్చిన గట్టి అద్దం. మధ్యలో పిడికిలితో గుద్దినా తట్టుకుంటుంది. అంచు సిమెంటు గచ్చుకి టక్కున తగిలితే మాత్రం మొత్తం పటికబెల్లం ముక్కల్లా రాలిపోతుంది. అందుకే కింద బొంత పరిచాం. పది నంబరు స్పానర్‌తో బోల్టులు విప్పి, డోరులోని పెద్ద కంతలోంచి పాత మిషన్‌ని మడతలు తిప్పుతూ బయటికి లాగాను. రేకు అంచు మణికట్టు మీద ఒక గీత గీసింది. చేతి తొడుగు వేసుకోమని బాబాయి చెప్పారు, నేను వేసుకోలేదు.

కొత్త మిషన్ ధర ట్యాంకు పెట్రోలు ఖర్చులో సగం కూడా లేదు. కానీ మొదటిసారి షాపులో తీసుకున్నది ఎడమ డోరుది. కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి, చేత్తో పట్టుకుని చూస్తే తేడా తెలియదు. పాతది పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే ఒక ఆటో ఖర్చు మిగిలేది.

ఆ రాత్రి పాత మిషన్‌ని అరుగు మీద పెట్టుకుని విప్పాను. హ్యాండిల్ ఇరుసు వెనక చిన్న ఉక్కు గిన్నె. అది తిరగదు. దాని లోపల, గోడకి ఒత్తుకుంటూ నాలుగైదు చుట్ల స్ప్రింగు. స్ప్రింగు రెండు కొసలూ లోపలికి వంచి ఉన్నాయి. హ్యాండిల్ తిప్పితే ఆ కొసని ఒక పక్కనుంచి నెడుతుంది. అప్పుడు స్ప్రింగు ముడుచుకుని, సన్నబడి, గోడని వదిలేస్తుంది. ఎటు తిప్పినా అంతే. అద్దం బరువు వెనకనుంచి తిప్పాలని చూస్తే మాత్రం కొసని రెండో పక్కనుంచి నెట్టాల్సి వస్తుంది. స్ప్రింగు విచ్చుకుని, లావెక్కి, గోడని కరుచుకుంటుంది. అద్దం ఎంత బలంగా లాగితే పట్టు అంత గట్టి. చేతి మాట వింటుంది, బరువు మాట వినదు.

ఇంత చిన్న తీగకి అంత పట్టు ఎలా వచ్చింది? రేవులో లాంచీ కట్టేవాళ్లని చూడండి. తాడుని గుంజకి ఊరికే రెండు చుట్లు చుట్టి, కొస ఒక్క చేత్తో పట్టుకుంటారు. మొత్తం లాంచీ ఆగుతుంది. దీని లెక్క పద్దెనిమిదో శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ కట్టాడు. రాపిడి గుణకం 0.2 అనుకుంటే ఒక చుట్టుతో పట్టు మూడున్నర రెట్లు అవుతుంది. రెండు చుట్లతో 12 రెట్లు, మూడు చుట్లతో 43 రెట్లు. చుట్టు చుట్టుకీ కూడిక కాదు, గుణకారం. గోడని లోపలినుంచి ఒత్తే స్ప్రింగుకీ అదే లెక్క.

ఈ మిషన్ అక్కర్లేదనుకున్న ఘనులూ ఉన్నారు. 1948లో జనం ముందుకొచ్చిన సిట్రోయెన్ 2సీవీ ముందు డోరు అద్దం కింది సగం బయటికి మడిచి పైకి తగిలించేదే. 1959 నాటి మినీ కారుకి దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ పక్కకి జరిపే అద్దాలు పెట్టాడు. డోరులో మిషన్ లేకపోవడంతో పెద్ద జేబు మిగిలింది. బ్రిటన్‌లో ఆ కారుకి తిప్పే హ్యాండిల్ 1969లో గానీ రాలేదు. మన ఓమ్నీ వెనక తలుపుదీ జరిపే అద్దమే. నా ఓటు ఇసిగోనిస్‌కే గానీ, మన ఎండల్లో సగం కిటికీ చాలదు.

బటన్ అద్దాలు మనం అనుకున్నంత కొత్తవి కావు. 1940లో అమెరికాలో ప్యాకార్డ్ 180 కారుకి వచ్చాయి, నూనె ఒత్తిడితో నడిచేవి. వాటిలో నూనెని దారిలో బంధించే కవాటమే అద్దాన్ని నిలబెట్టేది. తర్వాతి కరెంటు మోటార్లలో ఆ పని మరమేకు ఆకారపు గేరు చేస్తుంది. మేకుని తిప్పితే చక్రం తిరుగుతుంది, చక్రాన్ని నెడితే మేకు కదలదు. తోలు పటకా చిల్లు, స్ప్రింగు, కవాటం, మరమేకు: మనిషి మారినా ఉద్యోగం ఒకటే. మోటారుకి తెలియనిది ఒకటుంది, అడ్డొచ్చింది చెయ్యా మెడా అని. కిటికీలోంచి తొంగిచూసే పిల్ల మోకాలు తగిలి అద్దం మూసుకోకుండా, పైకి లాగితేనే మూసుకునే తరహా బటన్లకి దారితీసిన నిబంధన అమెరికాలో 2004లో వచ్చింది. చేత్తో తిప్పేవాడికి ఆ బరువు వేళ్లకే తెలిసిపోతుంది.

మర్నాడు సరైన మిషన్ బిగించాం. ఇక్కడ బాబాయి చెప్పిన కిటుకు ఒకటి: బోల్టులు ముందు వదులుగా ఉంచి, అద్దాన్ని చివరిదాకా పైకి తిప్పి, అది తన గాడిలో తాను కూర్చున్నాక అప్పుడు బిగించాలి. ముందే బిగిస్తే అద్దం జానెడు ఎక్కి ఓరగా ఇరుక్కుంటుంది.

ఆ గాడిలోనే అసలు దొంగ దొరికాడు. అద్దం జారే రబ్బరు లోపలి నూగు దుమ్ముతో గట్టిపడి ఉప్పుకాగితంలా అయింది. రెండేళ్లుగా నా చేయి ఎత్తుతున్నది అద్దం బరువు కాదు, ఆ రాపిడి. పాపం, కేబుల్ దాంతో పెనుగులాడి తెగింది. తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాయబోతే బాబాయి మళ్లీ చెయ్యి పట్టుకున్నారు. నూనెలు రబ్బరుని పాడుచేస్తాయి, జిడ్డుకి దుమ్ము మళ్లీ అంటుకుంటుంది. రబ్బరుకి సిలికాన్ స్ప్రే, పట్టాలకి గ్రీజు.

కాగితం అతికించి, ప్యాడ్ నొక్కి, హ్యాండిల్ తొడిగి క్లిప్పు టక్కుమనిపించాను. ఐదు చుట్లు. చేతికి బరువు తెలియనంత తేలిగ్గా లేచింది. సగంలో ఆపి పైనుంచి అరచేత్తో నొక్కాను. కదల్లేదు.

కారు తీసి వీధి చివరిదాకా వెళ్లాక తెలిసింది, హ్యాండిల్ తొడిగిన కోణం తప్పని. అద్దం మూసినప్పుడు పిడి సరిగ్గా నా మోకాలికి తగులుతోంది. మళ్లీ ఊడదీయాలి. పంచె పీలిక డోరు జేబులోనే ఉంది.