గోడలోంచి వచ్చిన రైలింజను

పిల్లలూ, గోడలోంచి ఒక రైలింజను గదిలోకి దూసుకువస్తే ఎలా ఉంటుంది? అటువంటి బొమ్మ ఒకటి నిజంగానే ఉన్నది. బెల్జియం దేశపు చిత్రకారుడు రెనే మాగ్రిట్ (1898–1967) దానిని 1938లో వేశాడు. ఇప్పుడది అమెరికాలో, షికాగో నగరపు కళామందిరంలో ఉన్నది. ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు పన్నెండేళ్ల పిల్లవాడంత!

కలలో మాదిరిగా, ఒకదానికొకటి సంబంధం లేని వస్తువులను ఒకచోట చేర్చి వేసే ఇటువంటి బొమ్మలను అధివాస్తవిక చిత్రాలంటారు. వీటిని చూడగానే “దీని అర్థమేమిటి?” అని అడుగుతాం. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. “ఏమేమి ఉన్నాయి? ఏది ఎక్కడ ఉన్నది?” అని అడగండి.

చలిదేశాల ఇళ్లలో చలి కాచుకోవటానికి గోడలోనే ఒక గూడు కడతారు. మంట అందులో వేస్తే పొగ గొట్టం గుండా పైకి పోతుంది. ఈ బొమ్మలో అటువంటి గూడు ఒకటున్నది. గూటిపైన రాతిపలక, పలక మధ్య గడియారం, దానికి అటూ ఇటూ రెండు కొవ్వొత్తి స్తంభాలు. వెనుక పెద్ద అద్దం. అద్దంలో గడియారమూ, ఒకే ఒక స్తంభమూ కనబడుతున్నాయి. ఇంకేమీ లేదు, మనిషి జాడ కూడా లేదు!

ఇప్పుడు గీతలు చూడండి. అద్దమూ, గూడూ అన్నీ నిలువుగీతలూ అడ్డగీతలూ. గది అంతా కదలకుండా నిలబడి ఉన్నది. అందులో మనవైపు దూసుకువచ్చేది ఇంజను ఒక్కటే. అందుకే మన చూపు మొదట దాని మీదనే పడుతుంది.

ఇంజనును గూటిలోనే ఎందుకు పెట్టాడు? గూటిలో పొయ్యి గొట్టం ఉండవలసిన చోట ఇంజను ఉన్నది. గూడు చూస్తే రైలు సొరంగంలా ఉన్నది. ఇంజను పొగ కూడా పొగగొట్టం దారినే పోతున్నది. పట్టాలు లేక ఇంజను గాలిలో నిలిచి ఉన్నా, అది అక్కడికి సరిగ్గా కుదిరినట్టే అనిపిస్తుంది కాదూ?

ఈ చిత్రం అచ్చు ప్రతి దొరికితే ఒక పరీక్ష చెయ్యండి. ఇంజనును బొటనవేలితో మూయండి. మిగిలేది మామూలు గది. గదిని మూసి ఇంజనునే చూడండి. అది మామూలు ఇంజను. మరి వింత ఎక్కడున్నది? రెంటినీ కలిపిన చోట! తెలిసిన ఇంజనులోని రహస్యం మనకు పట్టాలంటే, దానిని తెలిసిన మరో వస్తువుతో కలపాలని మాగ్రిట్ స్వయంగా చెప్పాడు.

ఫ్రెంచిలో దీని పేరుకు “కత్తిపోటు తిన్న కాలం” అని అర్థం. ఎడ్వర్డ్ జేమ్స్ అనే కళాభిమాని ఇంట్లో, మెట్ల కింద దీనిని తగిలిస్తే, పైకి వెళ్లే అతిథులను ఇంజను పొడుస్తున్నట్టుంటుందని మాగ్రిట్ ఆశపడ్డాడు. జేమ్స్ మాత్రం తన ఇంట్లోని చలిమంట గూటిపైనే పెట్టుకున్నాడు!

ఇక మీ వంతు. మీ ఇంటి పెరడును ఉన్నదున్నట్టు గీయండి. ఒక్క వస్తువును మాత్రం మార్చండి. నూతి గిలక ఉండేచోట చందమామను పెట్టవచ్చు. రెండూ గుండ్రనివే కదా! పెద్దలకు ఒక మనవి: “ఇదేం పిచ్చి బొమ్మ!” అనకండి. “ఇది ఇక్కడే ఎందుకు పెట్టావు?” అని అడగండి. పిల్లవాడు తప్పక జవాబు చెబుతాడు.