ఓడ నిండింది, చేతులు చాలడం లేదు: క్రూయిజ్ టికెట్‌కైనా, క్రూయిజ్ ఉద్యోగానికైనా ముందు తెలుసుకోవాల్సిన లెక్క

క్రూయిజ్ కంపెనీ ఏదైనా "మా ఓడలు 105 శాతం నిండాయి" అని ప్రకటిస్తే వినేవారికి వింతగానే ఉంటుంది. పండగ రోజుల్లో ఆర్టీసీ బస్సులో లాగా జనాన్ని నిలబెట్టి తీసుకెళ్తున్నారా అనిపిస్తుంది. అదేం కాదు. ఈ వ్యాపారంలో ఒక్కో క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున లెక్క వేస్తారు. అన్ని క్యాబిన్లలో ఇద్దరేసి ఉంటే అది 100 శాతం. గోడకు మడిచిపెట్టే పై బెర్తు దించి, సోఫాను మంచంగా మార్చి, తల్లిదండ్రులతో పాటు పిల్లలు కూడా అదే గదిలో ఉంటే లెక్క 100 దాటిపోతుంది.

ఈ చిన్న లెక్క రెండు రకాల కుటుంబాలకు అవసరం. ముంబై నుంచో, విశాఖ నుంచో, గల్ఫ్‌లో ఉన్న బంధువుల దగ్గరికి వెళ్లినప్పుడు దుబాయ్ నుంచో పిల్లలతో సరదాగా ఓడెక్కుదాం అనుకునేవారు మొదటి రకం. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన కొడుకును ఓడ ఉద్యోగానికి పంపాలని చూస్తున్నవారు రెండో రకం. టికెట్ కొనేవారికీ, కొడుకును పంపేవారికీ అసలు ప్రశ్న ఒకటే. ఓడలో ఎంతమంది ఎక్కుతారు? వాళ్లకు పని చేసే చేతులు ఎన్ని?

కోవిడ్ ఏం చేసింది?

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా రేవులో ఆగిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ప్రయాణికులు, సిబ్బంది కలిపి 3,711 మంది ఉన్నారు. వారిలో 712 మందికి కరోనా సోకింది. ఓడలో ఉన్న 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. ప్రయాణికులు గదుల్లో తలుపులు వేసుకుని కూర్చుంటే, సిబ్బంది మాత్రం గది గదికీ భోజనం మోశారు. రాత్రికి ఇద్దరేసి పడుకునే ఇరుకు గదులకు తిరిగి వెళ్లారు.

2020 మార్చి 14న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తమ రేవుల నుంచి క్రూయిజ్ ప్రయాణాలు ఆపేయాలని ఆదేశించింది. అక్కడ పెద్ద ఓడలు మళ్లీ ప్రయాణికులతో కదిలింది 2021 జూన్‌లోనే. అంటే దాదాపు 15 నెలలు ఆదాయం లేదు. కొన్ని కంపెనీలు పాత ఓడలను తుక్కుకు అమ్మేశాయి. ముంబై కేంద్రంగా నడిచిన జలేష్ క్రూయిజెస్ మూతపడింది, దాని కర్ణిక ఓడ గుజరాత్‌లోని అలంగ్ తుక్కు యార్డుకు చేరింది. ప్రపంచంలోనే అతిపెద్ద క్రూయిజ్ కంపెనీ కార్నివాల్ అప్పు 30 బిలియన్ డాలర్లు దాటింది.

ఖాళీ ఓడల నుంచి కిక్కిరిసిన ఓడల దాకా

మళ్లీ మొదలైన కొత్తలో ఓడలు సగం ఖాళీగానే తిరిగాయి. ఆ రోజుల్లో వెళ్లినవారికి అది భలే అనుభవం. లైన్లు లేవు, ఈత కొలనులో చోటు దొరికేది, లిఫ్టు పిలిస్తే వచ్చేది. కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు.

కార్నివాల్ లెక్కలు చూస్తే సంగతి అర్థమవుతుంది. 2019లో ఆ కంపెనీ ఓడలు సుమారు 107 శాతం నిండేవి. 2022లో 75 శాతం, 2023లో 100 శాతం, 2024లో 105 శాతం. రాయల్ కరీబియన్ 2022లో సుమారు 85 శాతం దగ్గర ఉండి, 2024 వచ్చేసరికి 108 శాతం దాటింది. ప్రపంచం మొత్తం మీద 2019లో 2.97 కోట్ల మంది క్రూయిజ్ ప్రయాణం చేస్తే, 2024లో 3.46 కోట్ల మంది చేశారు.

అప్పు తీరాలంటే ఓడ నిండాలి. డీజిల్ ఖర్చు, రేవు ఫీజు, ఇంజిన్ సిబ్బంది జీతం సగం ఓడకైనా, నిండు ఓడకైనా దాదాపు అంతే. అదనంగా ఎక్కిన మూడో మనిషి, నాలుగో మనిషి ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం లాభమే. పైగా వాళ్లు ఓడలో షాపింగ్, ఇంటర్నెట్, ఊరి టూర్లకు కూడా ఖర్చు పెడతారు. కంపెనీలు క్యాబిన్లు నింపడానికి అంత తహతహలాడేది ఇందుకే.

మనుషులు వెనక్కి రాలేదు

ఓడను మళ్లీ నడపడం తేలికే, మనుషుల్ని వెనక్కి తేవడమే కష్టమైంది. కోవిడ్ కాలంలో ఓడల్లోనే నెలల తరబడి ఇరుక్కుపోయిన సిబ్బంది ఇళ్లకు చేరాక వేరే దారి చూసుకున్నారు. అనుభవం ఉన్న వంటవాళ్లు, వెయిటర్లు, రూమ్ అటెండెంట్లు తమ ఊరి హోటళ్లకో, గల్ఫ్ ఉద్యోగాలకో వెళ్లిపోయారు. కొత్తవారిని తీసుకోవాలంటే మెడికల్, వీసా, శిక్షణ పత్రాలు అన్నీ కావాలి, వాటికి నెలలు పడుతుంది.

హవాయి దీవుల్లో తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా ఓడ దీనికి మంచి ఉదాహరణ. అమెరికా జెండా కింద నడుస్తుంది కాబట్టి దాని సిబ్బందిలో అత్యధికులు అమెరికన్లే అయి ఉండాలి. 2022లో తగినంత మంది దొరక్క ఆ కంపెనీ చాలా గదులను అమ్మకుండా ఆపేసి, తక్కువ మందితో ఓడ నడిపింది. అమ్మకం తగ్గించి పని నాణ్యత నిలబెట్టుకోవడం ఒక పద్ధతి. అమ్మకం తగ్గించకుండా పని తగ్గించడం ఇంకో పద్ధతి. రోజుకు రెండుసార్లు గది సర్దే అలవాటును ఒక్కసారికి మార్చిన కంపెనీలు రెండో దారి పట్టాయి.

చట్టం దేన్ని లెక్కిస్తుంది?

ఓడలో ఇంతమంది ప్రయాణికులకు ఇంతమంది సిబ్బంది ఉండాలని చట్టం ఉండదా? ఉంది, కానీ సగమే.

అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం ప్రతి ఓడకూ ఒక కనీస సిబ్బంది పత్రం ఉండాలి. ఓడ ఏ దేశం జెండా కింద నడుస్తుందో ఆ దేశమే దాన్ని ఇస్తుంది. ఓడను సురక్షితంగా నడపడానికి, మంటలు ఆర్పడానికి, ప్రయాణికుల్ని లైఫ్‌బోట్లలో దించడానికి ఎంతమంది కావాలో అందులో ఉంటుంది. అలాగే ఓడలో ఎక్కే మొత్తం మనుషులకు సరిపడా లైఫ్‌బోట్లు, తెప్పలు ఉండాలి. దాన్ని మించి ఒక్కరినీ ఎక్కించకూడదు. అందువల్ల 108 శాతం నిండినా ఓడ చట్టం దాటినట్టు కాదు.

కానీ ఒక రూమ్ అటెండెంట్ ఎన్ని గదులు సర్దాలి, ఒక వెయిటర్ ఎన్ని టేబుళ్లు చూడాలి అనేది ఆ పత్రంలో ఉండదు. దాన్ని కంపెనీయే నిర్ణయించుకుంటుంది. అందుకే ఖర్చు తగ్గించాలంటే ముందు కత్తెర పడేది అక్కడే.

ఒక ఓడ లెక్క చూద్దాం. 2024 జనవరిలో మయామీ నుంచి మొదటి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది పడతారు. అన్ని బెర్తులూ నింపితే సుమారు 7,600 మంది. సిబ్బంది 2,350 మంది. ఇద్దరేసి ఉన్నప్పుడు ఒక్కో ఉద్యోగికి సుమారు 2.4 మంది ప్రయాణికులు. పూర్తిగా నిండితే 3.2 మంది. ఓడ అదే, సిబ్బంది అంతే, పని మాత్రం మూడో వంతు పెరిగింది. ఆ 2,350లో కెప్టెన్, ఇంజినీర్లు, పాటగాళ్లు, షాపు వాళ్లు కూడా ఉన్నారని మరచిపోకూడదు.

చోటు సంగతీ ఇలాగే తెలుసుకోవచ్చు. ఓడ స్థూల టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగించాలి. స్థూల టన్నేజీ అంటే బరువు కాదు, ఓడ లోపలి ఘనపరిమాణానికి కొలత. ఫలితం 40 దాటితే విశాలం, 30 దగ్గరకు వస్తే ఇరుకు అని ప్రయాణికులు వాడే మోటు లెక్క. ఐకాన్ టన్నేజీ 2,48,663. ఇద్దరేసి లెక్కన 44 వస్తుంది. పూర్తిగా నిండితే 33కు పడిపోతుంది. స్కూలు సెలవుల్లో పిల్లలు ఎక్కువ కాబట్టి మూడో బెర్తు, నాలుగో బెర్తు నిండేది కూడా అప్పుడే.

రద్దీ ఎవరి మీద పడుతుంది?

ప్రయాణికుడికి అది బఫే లైన్లో, లిఫ్టు దగ్గర, పిల్లల క్లబ్బులో తెలుస్తుంది. ఆరోగ్యం మీద కూడా పడుతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఒకరు ముట్టుకున్న గరిట నుంచి, రెయిలింగు నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. అమెరికా రేవులకు వచ్చే ఓడలో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి ఈ లక్షణాలు కనిపిస్తే అక్కడి అధికారులు దాన్ని వ్యాప్తిగా బయటపెడతారు. రెయిలింగులు, తలుపు పిడులు మళ్లీ మళ్లీ తుడవాలి, బఫేలో ప్రయాణికుల బదులు సిబ్బందే వడ్డించాలి. ఈ రెండింటికీ మనుషులు కావాలి.

సిబ్బందికి ఇది పని గంటల్లో తెలుస్తుంది. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందాన్ని భారత్ 2015లో ఆమోదించింది. దాని ప్రకారం పనికి పరిమితి పెట్టాలంటే రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు మించకూడదు. లేదా విశ్రాంతికి కనీస పరిమితి పెట్టాలి. అది రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు. వారానికి 168 గంటలు కదా, అందులోంచి 77 తీసేస్తే 91 మిగులుతాయి. అంటే రెండో లెక్క పాటించే జెండా కింద ఒక మనిషి వారానికి 91 గంటలు పనిచేసినా నియమం దాటినట్టు కాదు. చాలా ఓడల్లో కాంట్రాక్టు నడిచే 6 నుంచి 9 నెలలూ వారానికో సెలవు అంటూ ఉండదు. జుమా అయినా, ఈద్ అయినా షిఫ్టు షిఫ్టే.

ఇంకో విషయం కూడా ఉంది. గది సర్దే కుర్రాడికి కూడా ప్రమాద సమయంలో ఒక డ్యూటీ ఉంటుంది. సైరన్ మోగితే ప్రయాణికుల్ని దారి చూపించి తీసుకెళ్లేది అతనే. అతని అలసట అందరి భద్రతకూ సంబంధించినది.

టికెట్ కొనేముందు

ఓడ పేరు తెలుసుకుని ఇద్దరేసి సామర్థ్యం, పూర్తి సామర్థ్యం, సిబ్బంది సంఖ్య చూడండి. పైన చెప్పిన లెక్క రెండు నిమిషాల పని.

స్కూలు సెలవులు తప్పించే వీలుంటే తప్పించండి. అదే ఓడ, అదే గది, జనం తక్కువ.

రోజుకు గది ఎన్నిసార్లు సర్దుతారో, టిప్పులు టికెట్‌లోనే ఉన్నాయో, విడిగా కట్టాలో అడగండి. అమెరికా పెద్ద కంపెనీల ఓడల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో చేరుస్తారు. నలుగురు ఉన్న కుటుంబానికి వారం రోజులకు అది చిన్న మొత్తం కాదు.

హలాల్ భోజనం కావాలంటే టికెట్ కొనకముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. నిండిన ఓడలో, రద్దీ వంటగదిలో ఎక్కిన తర్వాత అడిగితే కుదరకపోవచ్చు.

లైఫ్‌బోటు కసరత్తు ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లోనో టీవీలోనో వీడియో చూసి, తర్వాత తమ స్థలానికి వెళ్లి హాజరు వేయించుకునే పద్ధతికి మారింది. తూతూమంత్రంగా కానివ్వకండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లి ఆ దారి చూపించండి.

కొడుకును పంపేముందు

2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి కార్డీలియా ఓడ మొదలైంది. 2022 జూన్‌లో అది విశాఖకూ వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సిబ్బంది కొరత మాట వినిపించిన చోటల్లా ఏజెంట్లూ తయారవుతారు. "ఇంత కడితే చాలు, నెలలో ఓడెక్కిస్తాం" అనే మాట దగ్గరే ఇళ్లు మోసపోతాయి.

గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదు. సముద్ర కార్మిక ఒప్పందం ఈ మాట స్పష్టంగా చెబుతుంది. మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, నావికుల పుస్తకం ఖర్చు మాత్రమే అభ్యర్థి పెట్టుకోవాలి. వీసా ఖర్చు కూడా ఓడ యజమానిదే.

ఏజెన్సీకి ముంబైలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే చూడవచ్చు. ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన ఫోటోను నమ్మి ఊరుకోవద్దు.

కాంట్రాక్టులో నాలుగు విషయాలు చూడాలి. స్థిర జీతం ఎంత, టిప్పుల మీద ఆధారపడేది ఎంత? వారానికి ఎన్ని గంటల పని, ఓవర్‌టైం ఎలా ఇస్తారు? ఎన్ని నెలల కాంట్రాక్టు? అది ముగిశాక ఇంటికి తిరిగి వచ్చే టికెట్ ఎవరిది? చివరిదానికి జవాబు ఓడ యజమానే అయి ఉండాలి. కంపెనీ చేతులెత్తేసినా సిబ్బందిని ఇంటికి చేర్చడానికి ఆర్థిక హామీ ఉండాలని 2017 నుంచి నియమం ఉంది. ఆ హామీ పత్రం ఓడలో సిబ్బందికి కనిపించేలా అతికించి ఉంటుంది.

ఓడెక్కిన రోజు నుంచే పని గంటల రికార్డు మీద సంతకం అడుగుతారు. చేసిన గంటలు ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటేనే సంతకం పెట్టాలని కొడుక్కు ముందే చెప్పి పంపండి. రేపు గొడవ వస్తే అతని చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.