స్వదేశమునకు మరలిన యాటగాడు

చిన్న దేశమునందలి ప్రతిభావంతుడైన బాలుడు విద్యకై పెద్ద దేశమునకు పోయినపుడు, వాడు మాతృదేశమునకు దక్కెనా లేదా యను ప్రశ్న పుట్టుట సహజము. దీనికి సమాధానము వాదములయందు కంటె జీవితములయందే స్పష్టముగా గోచరించును. అట్టి జీవితమొకదానిని నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. అది రాజకీయవేత్తది కాదు, పండితునిది కాదు. ఫిలిప్ పెత్రుషేవ్ అను సెర్బియా బాస్కెట్‌బాల్ ఆటగానిది.

సెర్బియా జనసంఖ్య, 2022 లెక్కల ప్రకారము కొసొవోను మినహాయించి, 66 లక్షలు మాత్రమే. అయినను ఈ క్రీడయందు దాని కీర్తి పెద్దది. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము బెల్‌గ్రేడ్ నగరమున పొపొవిచ్, నికొలిచ్, షాపర్, స్తాంకొవిచ్ మొదలగువారు వేసిన పునాదిపై నాటి యుగొస్లావియా 1970లో ప్రపంచవిజేత యయ్యెను. రాజ్యము ముక్కలైనను ఆ విద్య నశింపలేదు.

పెత్రుషేవ్ 2000 సంవత్సరము ఏప్రిల్ నెలలో బెల్‌గ్రేడ్‌నందే జన్మించెను. బాల్యము దాటక మునుపే అమెరికాకు పోయి కనెక్టికట్‌లోని యొక పాఠశాలయందును, పిదప ఫ్లారిడాలోని మాంట్‌వెర్డ్ విద్యాలయమునందును చదివెను. 2018లో ఆ విద్యాలయపు జట్టు ఓటమి యెరుగక జాతీయ విజేతగా నిలిచినది. ఆ యేడే అతడు వాషింగ్టన్ రాష్ట్రమున స్పోకేన్ పట్టణమునందలి గొంజాగా విశ్వవిద్యాలయమున జేరెను. అది జెసూట్ మతగురువులు స్థాపించిన విద్యాపీఠము. మార్క్ ఫ్యూ అను శిక్షకుడు 1999 నుండియు దాని జట్టును తీర్చిదిద్దుచున్నాడు.

మొదటి యేడు ఈ దాదాపు ఏడడుగుల యువకునకు కొలది నిమిషముల యాట మాత్రమే దక్కినది. ఏలయన జపాను దేశీయుడైన రుయి హచిమురా, బ్రాండన్ క్లార్క్ అను నిరువురు ఘనులు ముందు నిలిచియుండిరి. అతడు విసుగు చెందక వేచియుండెను. 2019లో ఆ యిరువురును వృత్తిక్రీడకు తరలిపోగా భారమంతయు నితని భుజములపై బడినది. ఆటకు సగటున 17.5 పాయింట్లు సాధించి, తప్పిన బంతుల నెనిమిదింటి వరకు చేజిక్కించుకొని, తన జట్టు 31 విజయములు పొందుటకు ముఖ్యకారకుడై, పశ్చిమతీర కళాశాలల లీగునందు ఆ యేటి ఉత్తమ క్రీడాకారుడుగా నెన్నికయ్యెను. కాని 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వ్యాపించుటచే జాతీయ పోటీలే రద్దయినవి. ఫలము చేతికందు వేళ కొమ్మయే విరిగినట్లయినది.

ఇచట నొక విషయము గమనింపదగియున్నది. ఆనాటి నిబంధనల ననుసరించి కళాశాల యాటగానికి చదువు, వసతి, భోజనములు తప్ప వేతనము లేదు. కాని యా యాటగాండ్ర జాతీయ పోటీలను ప్రసారము చేయు హక్కునకు 2010లో కుదిరిన 14 యేండ్ల ఒప్పందము విలువ 1,080 కోట్ల డాలర్లు. దున్నువా డొకడు, ధాన్యము కొలుచుకొనువాడు వేరొకడు! 2021 జూలైలో ఆటగాండ్రు తమ పేరుప్రతిష్ఠల మూలమున ధనమార్జింప ననుమతి లభించినది. అప్పటికిని విద్యార్థి వీసాపై వచ్చిన విదేశీయులకు ఉద్యోగ నిబంధనలు అడ్డు నిలిచినవి.

2020 వేసవిలో పెత్రుషేవ్ గొంజాగాను వీడి స్వదేశమునకు మరలి మెగా అను క్లబ్బులో జేరెను. మరుసటి యేడు అతడు వదలిన జట్టు ఒక్క యోటమియు లేక జాతీయ తుదిపోటీ వరకు సాగి, 2021 ఏప్రిల్ 5న బేలర్ చేతిలో నోడినది. 'తొందరపడి పోగొట్టుకొన్నాడు' అని పలువురు తలచియుందురు. ఆ తలపు నిరాధారము కాదు. అట్టి జట్టునందలి స్థానము జన్మమున కొకసారి లభించునది. కాని త్రాసునకు రెండవ తట్టయు గలదు. యువకులకే పెద్దభారము నప్పగించు ఈ మెగా క్లబ్బు లోగడ నికొలా యోకిచ్‌ను పెంచినది. అచట పెత్రుషేవ్ ఆటకు 23కు పైగా పాయింట్లు సాధించి, 2020–21లో అడ్రియాటిక్ లీగు ఉత్తమ క్రీడాకారుడయ్యెను. అమెరికా వృత్తిజట్లు మాత్ర మతనిని తొందరపడి వరింపలేదు. 2021 జూలైలో ఫిలడెల్ఫియా జట్టు 50వ వానిగా నెన్నుకొన్నది. అతడు ఇస్తాంబుల్‌లోని ఎఫెస్ జట్టున జేరెను. ఆ జట్టు 2022 మే నెలలో యూరోలీగు కిరీటమును గెలిచినది బెల్‌గ్రేడ్ నగరమునందే యగుట విశేషము.

మా యభిప్రాయమిది. విదేశమునకు పోవుట ద్రోహము కాదు. పోయినవాడు మరలివచ్చుటకు స్వదేశమున యోగ్యమైన వాకిలి యొకటి తెరచియుండుటే ప్రధానము. సెర్బియాయందు క్లబ్బు కలదు, గురుపరంపర కలదు, ఇరువదేండ్ల వానిని నమ్మి భారమప్పగించు ధైర్యము కలదు. కావుననే పరదేశమున నేర్చిన విద్య స్వదేశమునకు వినియోగపడినది. 2023లో ప్రపంచపోటీలయందు రజతమును, 2024లో ప్యారిస్ ఒలింపిక్ క్రీడలయందు కాంస్యమును గెలిచిన సెర్బియా జట్టున పెత్రుషేవ్ కూడ నుండెను.

మన తెలుగునాటి నుండియు వేలకొలది యువకులు అమెరికా విద్యాలయములకు పోవుచున్నారు. వారు మరలిరాలేదని నిందించుట సులభము. వారికై మనము తెరచియుంచిన వాకిలి యెట్టిదో మొదట విచారించుకొనుట న్యాయము.