ఇంటికి వెళ్లే ఆరోగ్య సంచి

ఆరోగ్యం గురించి సభలు పెడతాం, కరపత్రాలు పంచుతాం. కానీ సభకు వచ్చేది ఒకరు, వండేది మరొకరు, తినేది అందరూ. అందుకే చెప్పిన మాట వంటింటిదాకా చేరదు. విద్యార్థి చేతికి చిన్న సంచి ఇచ్చి పంపితే ఆ లోటు కొంత తీరుతుంది. అందులో ఉండేవి పాఠాలు కావు, ఇంటిల్లిపాదీ కలిసి చేసే పనులు.

ఒక పెన్సిలు, ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్, గోడకు అంటించే పట్టిక, మూడు పనుల చీటీలు చాలు.

మొదటిది ఉప్పు లెక్క. పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే నలుగురు పెద్దలున్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీ, అయిపోయిన తేదీ పిల్లలు పట్టికలో రాస్తారు. 25 రోజులకే అయిపోతే రెట్టింపు వాడుతున్నట్టే. బయట కొన్న ఊరగాయలు, అప్పడాలు, మిక్చర్‌లోని ఉప్పు దీనికి అదనం. అధిక రక్తపోటు చాలామందిలో ఏ బాధా కనిపించకుండానే పెరిగి, పక్షవాతానికీ గుండె, కిడ్నీ జబ్బులకూ దారితీస్తుంది. అయోడిన్ ఉప్పునే వాడాలి, తగ్గించవలసింది మోతాదు మాత్రమే.

రెండోది లీటరు గుర్తు. విరేచనాలైనప్పుడు లీటరు నీటికి తయారైన ఓ.ఆర్.ఎస్. పొడిని ఒక్క గ్లాసులో కలిపితే ద్రావణం చిక్కనై పసిబిడ్డకు హాని చేస్తుంది. చిన్న ప్యాకెట్లూ ఉంటాయి కనుక దానిపై రాసిన కొలత చదవాలి. ఇంట్లో ఏ పాత్రలో సరిగ్గా లీటరు పడుతుందో పిల్లలు కొలిచి గీత పెడతారు. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే పారబోయాలి.

మూడోది నడక. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు గంటసేపు ఆటపాటలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల నడక అవసరం. సాయంత్రం ఫోన్లన్నీ ఒకచోట పెట్టి కలిసి నడిచిన రోజున పట్టికలో ఒక టిక్కు.

ఉపాధ్యాయులకు ఒక మనవి: పట్టికలకు మార్కులు వేయకండి. మార్కులుంటే పిల్లలు నిజం రాయరు. ఇంటికీ ఇంటికీ పోలిక వద్దు, అదే ఇంటి పాత లెక్కతో పోల్చండి. చీటీలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, చదవడం రాని నానీ, దాదీలకు బొమ్మలుండాలి. ఉప్పు డబ్బా వారి చేతిలోనే ఉంటుంది కదా!

పుస్తకాలు పంచేటప్పుడే ఈ సంచినీ చేర్చి ఇస్తే పెద్ద ఖర్చు కాదు.