వీలునామా – అభీష్ట లేఖ

తన తదనంతరం తన ఆస్తి ఎవరికి చెందాలో నిర్ణయిస్తూ మనిషి రాసే పత్రమే వీలునామా. దీనినే మరణశాసనమనీ అంటారు. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ వర్తించేవారు సాధారణంగా దానిపై సంతకం గాని, వేలిముద్ర గాని వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు దానిని ధ్రువీకరించాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి అన్నది వీలునామా చెబుతుంది. ఎందుకన్నది చాలాసార్లు చెప్పదు. వృద్ధాప్యంలో తనకు సేవ చేసిన కుమార్తెకు ఒక తండ్రి ఇల్లు రాశాడనుకొందాం. కుమారుని పైచదువులకు అప్పటికే ఎంతో వెచ్చించినందున, అతనికి పొలంలో కొద్ది భాగమే ఇచ్చాడనుకొందాం. కారణం తెలియని కుమారుడు తండ్రికి తనపై ప్రేమ లేదని భావించవచ్చు. తోబుట్టువుల నడుమ వైరానికి పలుమార్లు ఇటువంటి అపోహే మూలమవుతుంది.

ఈ కొరతను తీర్చేది అభీష్ట లేఖ. వీలునామాతో పాటు, విడిగా, సులభమైన మాటలలో రాసే ఉత్తరమిది. పంపకానికి గల కారణాలు, ఇంటిలోని గ్రంథాలు, ఛాయాచిత్రాలు ఎవరి వద్ద ఉండాలి, ప్రత్యేక సంరక్షణ అవసరమైన బిడ్డను ఎలా చూసుకోవాలి, అంత్యక్రియలు ఎలా జరపాలి వంటి విషయాలు ఇందులో ఉంటాయి.

జవహర్‌లాల్ నెహ్రూ 1954లో తన వీలునామాలోనే ఇటువంటి కోరికలను పొందుపరిచారు. తన చితాభస్మంలో కొంత నాటి అలహాబాదు వద్ద గంగలో కలపాలని, అధికభాగాన్ని విమానం నుండి రైతులు శ్రమించే పొలాలపై చల్లాలని కోరారు. 1964లో ఆయన మరణానంతరం ఆ కోరిక నెరవేరింది. అయితే అంత్యక్రియలు ముగిశాకనే వీలునామాను తెరవడం కద్దు. అందువలన అటువంటి కోరికలను విడిగా లేఖలో రాసి, కుటుంబసభ్యులకు వెంటనే అందేచోట ఉంచడం మేలు.

అభీష్ట లేఖను పాటించి తీరాలన్న నిర్బంధం చట్టంలో లేదు. లేఖకూ వీలునామాకూ పొంతన కుదరనప్పుడు వీలునామాయే చెల్లుతుంది. ఆస్తి పంపకాన్ని మార్చదలచినవారు కొత్త వీలునామానో, కోడిసిల్ అనే అనుబంధ పత్రాన్నో సాక్షుల ధ్రువీకరణతో రాయాలి. లేఖపై కూడా సాక్షుల సంతకాలుంటే అదీ వీలునామాయేనన్న వివాదం తలెత్తవచ్చు. కనుక అది వీలునామా కాదని లేఖలోనే స్పష్టం చేసి, తేదీ వేయాలి.

ఈ ఉత్తరానికి చదివేవారు బదులు రాయలేరు. అందుచేత ఇందులో నిందలకు తావీయరాదు. తక్కువ భాగం పొందిన బిడ్డకు సైతం తాను తక్కువవాడను కానని తెలిసేటట్లు రాయడమే ఈ లేఖకు సార్థకత.