మీకు తెలుసా? ఈ కొండ లేస్తుంటే లోయ కుంగింది!

అమెరికాలోని వయోమింగ్‌లో టీటన్ పర్వతాలకు పాదాల దగ్గర చిన్న గుట్టలంటూ ఉండవు. చదునైన జాక్సన్ హోల్ లోయ మీంచి కొండ ఒక్కసారిగా గోడలా లేస్తుంది. గ్రాండ్ టీటన్ శిఖరం ఎత్తు 4,199 మీటర్లు. లోయ నుంచి చూసినా 2 కిలోమీటర్ల పైనే!

దీనికి కారణం కొండ అంచు వెంబడే సాగే భ్రంశం, అంటే భూమి పైపొరలో పడిన పగులు. హిమాలయాలు భూ ఫలకాలు ఢీకొని ముడుచుకుంటే పుట్టాయి. ఇక్కడ జరిగింది అందుకు తలకిందులు: నేల రెండు వైపులా సాగింది. పగులుకు పడమటి వైపు రాయి లేచింది, తూర్పు వైపు కుంగింది. అదీ నెమ్మదిగా కాదు, భూకంపం వచ్చినప్పుడల్లా కొన్ని అడుగుల చొప్పున.

సాక్ష్యం కావాలా? ఈ పర్వతాల్లోనే ఉన్న మౌంట్ మోరాన్ శిఖరం మీద లేత రంగు ఇసుకరాయి టోపీ ఒకటుంది. 50 కోట్ల ఏళ్ల నాటి సముద్రతీరపు ఇసుక అది. అదే పొర లోయ కింద వేల మీటర్ల లోతున పడి ఉంది. నిజానికి లేచినదానికన్నా కుంగిందే ఎక్కువంటారు. ఆ గుంతను రాళ్లూ మట్టీ పూడ్చేయడంతో మనకు తెలియదంతే. కోటి ఏళ్లు కూడా నిండని ఈ కొండల కింద భ్రంశం ఇప్పటికీ చురుగ్గానే ఉంది.