తుపాను వేళ రేడియో తరంగములు

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, ఇంకను తెల్లవారకమునుపే, తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలినవి. కరెంటు పోయెను, దానివెంట సెల్ ఫోనులును మూగవోయినవి. "సిగ్నలు లేద"ను నా చిన్నమాట వెనుకనున్న శాస్త్రమును మన రైతులును, పట్టణవాసులును కొంత యెరుగుట మంచిదని తలచుచున్నాము.

కంటికి కనబడు వెలుగును, ఎముకలను చూపు ఎక్సు కిరణములును, పాటను మోయు రేడియో తరంగములును ఒకే వంశమునకు జెందినవి. అన్నియు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగిడును. భేదమెల్ల అల పొడవునందే. వెలుగుయొక్క అల మిల్లీమీటరులో వేయవవంతుకన్న చిన్నది. రేడియో అలలు మిల్లీమీటరు మొదలు కిలోమీటర్ల వరకు నుండును. మాక్సువెల్ 1865లో లెక్కకట్టి చెప్పినదానిని హెర్ట్జ్ 1887-88లో ప్రయోగమున జూపెను. మన జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తాయందు తీగ లేకయే దూరపు గంటను మ్రోగించెను. ఆయనకు దక్కవలసిన కీర్తి చాలకాలము ఇతరులకే దక్కినది!

పొడవునుబట్టియే పనియు. విశాఖ కైలాసగిరిమీది డాప్లరు రాడారు సుమారు 10 సెంటీమీటర్ల అలలను పంపి, చినుకులకు తగిలి తిరిగివచ్చిన దానినిబట్టి మేఘము జాడ కనిపెట్టును. సెల్ ఫోను అలలు బెత్తెడు మొదలు మూరెడు దాక నుండును. కొండ యడ్డువచ్చిన నివి చుట్టిపోజాలవు. కావున కొన్ని కిలోమీటర్లకొక టవరు కావలెను. ప్రతి టవరునకును కరెంటు కావలెను. కరెంటు లేనినాడు బ్యాటరీ కొన్ని గంటలే కాచును.

మధ్యతరంగముల తీరు వేరు. 1963లో వెలసిన విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జులపై, 100 కిలోవాట్ల శక్తితో వినిపించిన అల పొడవు సుమారు 324 మీటర్లు. అంతటి అల నేలను అంటిపట్టుకొని, పుడమి వంపుతో తానును వంగి పోవును. రాత్రివేళ మరియొక వింత గలదు. పగలు ఈ అలలను మ్రింగివేయు క్రిందిపొర సూర్యుడు గ్రుంకినపిదప అణగిపోవుటచే, పైనున్న అయనావరణము వీనిని అద్దమువలె క్రిందికి త్రిప్పును. విజయవాడ కేంద్రమును రాత్రివేళ ఇచ్ఛాపురమున వినగలుగుట ఇందువలననే. ఈ అయనావరణమునుగూర్చి వాల్తేరులోనే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు, ఆచార్య బి. రామచంద్రరావుగారి నాయకత్వమున గొప్ప పరిశోధన జరిగినది.

ఇటీవలి సంవత్సరములలో ప్రసారభారతి దేశమున పలుచోట్ల మధ్యతరంగ ప్రసారములను నిలిపివేసినది. వినువారు తగ్గిరనియు, ఎఫ్.ఎం. స్వచ్ఛముగా వినబడుననియు చెప్పెదరు. స్వచ్ఛతమాట నిజమే. కాని మూడు మీటర్లపాటి యా అల టవరునుండి చూపు ఆనినంత మేరకన్న పెద్దగా పోదు. వినువారిని నిర్మలదినమున లెక్కించుట న్యాయము కాదు. తుపాను రాత్రి లెక్కింపవలెను. విశాఖ స్తంభమే కూలినచో నేమందురా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ నగరమునే తాకినమాట వాస్తవము. అందుచేతనే ఒక కేంద్రము మూగవోయిననాడు దూరపు కేంద్రము వినవచ్చు తరంగమును పోగొట్టుకొనరాదనుచున్నాము.

ప్రభుత్వము ఈ తీరమునకు మధ్యతరంగ ప్రసారమును నిలిపియుంచవలెను. భావనపాడు మొదలు ఇచ్ఛాపురము వరకు ప్రతి తుపాను ఆశ్రయమునందును బ్యాటరీతో పలుకు రేడియో యొకటి, విడి బ్యాటరీలు కొన్ని సిద్ధముగా నుంచుట పంచాయతీల పని. అక్టోబరు గాలులు మరల రాకమునుపే ఇది జరుగవలెను.